అక్క మొదటి టేక్

పోయిన నెల మా కోడలు ఒక తెల్ల కాగితం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టింది. అశోక్‌నగర్‌లో సర్కారు కొలువుల పరీక్షలకు చదువుకునే పిల్లలకు ఆమె చరిత్ర పాఠాలు చెబుతుంది. క్లాసుకు రాలేని వాళ్ల కోసం ఈ మధ్య ఆ పాఠాలను ఇంట్లోనే, బట్టల బీరువా తలుపులు రెండూ బార్లా తెరిచి, చీరల మధ్య మైకు పెట్టుకుని రికార్డు చేస్తోంది. చీరలు ప్రతిధ్వనిని మింగేస్తాయని చెప్పింది నేనే. ఇన్నేళ్లు స్టూడియో నడిపిన మనిషిని కదా, నాకు తెలిసిన పద్ధతులన్నీ వరుసగా రాసిస్తే గోడకు అంటించుకుంటానంది. సంతోషంగానే కూర్చున్నాను. మైకు ముందు మనిషి కూచోగానే రికార్డు నొక్కాలి, పాట మొదలయ్యేదాకా ఆగకూడదు అని మొదటి మాట రాశాను. ఆ తర్వాత చెయ్యి కదలలేదు. ఆ మాట నేను ఎక్కడ నేర్చుకున్నానో ఆ పిల్లకు తెలియదు. మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

చిక్కడపల్లిలో మెయిన్ రోడ్డు మీంచి లోపలికి పోయే ఒక సందులో, పచ్చళ్ల దుకాణం మీది అంతస్తులో రెండు గదులు కిరాయికి తీసుకుని స్టూడియో పెట్టినప్పుడు నాకు ముప్పై కూడా నిండలేదు. ఇంకా క్యాసెట్ల రోజులే అవి. నారాయణగూడలో పరుపులు కుట్టే ఒకాయన దగ్గర పాత బొంతలు కొనుక్కొచ్చి గోడలకు కొట్టాం. ఎన్ని బొంతలు కొట్టినా బస్సుల హారన్లు లోపలికి వచ్చేవి. సిగ్నల్ పడినప్పుడు రోడ్డు జర సద్దుమణుగుతుందని కనిపెట్టి, చరణానికీ చరణానికీ మధ్య ఆ నిశ్శబ్దం కోసం కాచుకుని పాడించేవాణ్ని. నా దగ్గరికి పెద్ద గాయకులెవరూ రాలేదు. వినాయక చవితికి భజన మండళ్ల వాళ్లు, ఎలక్షన్లకు పార్టీల వాళ్లు, తమ వూరి పాటలు క్యాసెట్ చేయించుకోవాలని ముచ్చటపడి, పనికి పోని రోజు చూసుకుని వచ్చే పాలమూరు కూలీలు. గోళ్లలో సిమెంటు ఇంకా పోని ఆ చేతులతో చెవి మూసుకుని వాళ్లు పాట ఎత్తుకుంటే, మైకు దూరం జరపాల్సి వచ్చేది.

పని ఆ మనుషులే నేర్పారు. పాడేవాడికి చల్లటి నీళ్లు ఇవ్వకూడదని, హెడ్‌ఫోన్లతో రెండు చెవులూ మూసేస్తే శ్రుతి తప్పుతాడు గనక ఒక చెవి వదిలేయాలని, పాట అయిపోయాక కూడా పది క్షణాలు ఖాళీ గది నిశ్శబ్దాన్ని అట్లాగే పట్టి ఉంచితే తర్వాత ముక్కలు అతికేటప్పుడు ఆ ఖాళీయే ఆదుకుంటుందని. కంప్యూటర్లు వచ్చాక ఇంకొన్ని తెలిశాయి. ఏ పాట ఎవరిదో అదే రోజు పేరు పెట్టి దాచుకోవాలి, "కొత్తది", "అసలైన కొత్తది" అని పెడితే నెల తిరక్కుండానే మనకే అర్థం కాదు. దాచిన దానికి రెండో నకలు ఇంకో ఇంట్లో ఉండాలి. రెండు గంటలు విన్నాక చెవి అబద్ధం చెబుతుంది, కాబట్టి లేచి కిందికి పోయి చాయ్ తాగి రావాలి. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. పనిమంతుడని పేరు కూడా ఉండేది. మచ్చ లేని రికార్డింగ్ కావాలంటే ఆ మేడ మీదాయన దగ్గరికే పొమ్మనేవాళ్లు. ఆ పేరే నా కళ్లు కప్పిందని ఇప్పుడు అనుకుంటాను.

మా అమ్మ పోయేనాటికి నాకు నాలుగేళ్లు, మా అక్కకు పన్నెండు. నాయన కాచిగూడలో ఒక హోల్‌సేల్ దుకాణంలో గుమాస్తా, పొద్దున పోతే మళ్లీ దీపాలు పెట్టాకే రావడం. నాకు నీళ్లు పోసింది, బువ్వ తినిపించింది, పలక కొనిపించి బడిలో కూచోబెట్టింది అక్కే. అమ్మ మొహం నాకు లీలగానైనా గుర్తుంది గానీ గొంతు అస్సలు గుర్తు లేదు. అక్క పనులు చేసుకుంటూ ఒక పాట పాడేది. అమ్మ పుట్టింట్లో, మహబూబ్‌నగర్ వైపు వూళ్లో, ఆడవాళ్లు ఇసుర్రాయి తిప్పుతూ పాడుకునే పాట అది. అత్తవారింటి నుంచి పుట్టింటికి పోయే ఆడపిల్ల తోవలో వచ్చే వాగులనూ గుట్టలనూ చెట్లనూ ఒక్కొక్కదాన్నే పేరు పెట్టి పలకరిస్తూ పోతుంది, చాలా పొడుగైన పాట. అమ్మ అచ్చం ఇట్లనే పాడేదని అక్క చెప్పేది. అందువల్ల చిన్నప్పుడు నా లెక్కలో అమ్మ గొంతంటే అక్క గొంతే.

స్టూడియో పెట్టాక, ఆ పాట రికార్డు చేద్దాం రమ్మని ఎన్నోసార్లు అన్నాను. పాటలు వచ్చినోళ్లు కూచునే చోట నేనెందుకని నవ్వి దాటేసేది. నేనూ గట్టిగా పట్టుబట్టలేదు. బాగ్ లింగంపల్లిలో ఉండే అక్క ఎక్కడికి పోతుంది, ఎప్పుడైనా చేయొచ్చు అనుకున్నాను.

యాభై దాటాక అక్క గొంతు బొంగురుపోయింది. దుమ్ము అన్నారు, జలుబు అన్నారు, మిరియాల పాలు తాగించారు. నెలలు గడిచినా తగ్గకపోతే మా బావ పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. పరీక్షలన్నీ అయ్యాక డాక్టర్లు చెప్పింది ఒక్కటే, గొంతులో మాట పుట్టే భాగాన్నే మొత్తం తీసేయాలి, లేకపోతే మనిషి దక్కదు. శుక్రవారం ఆపరేషన్ అనగా సోమవారం అక్క నాకు ఫోన్ చేసింది. ఏడవలేదు. కూరకు ఏం తెమ్మంటావని అడిగినంత మామూలుగా అన్నది.

"తమ్మీ, నా గొంతు తీసేస్తరట. అమ్మ పాట ఒక్కటి పట్టి పెట్టు."

మర్నాడు పొద్దున బావ ఆమెను ఆటోలో తీసుకొచ్చాడు. మెట్లెక్కడానికే ఆయాసపడింది. ఇస్త్రీ చీర కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని, ఫోటో దిగడానికి వచ్చినట్టు వచ్చింది. నేనేమో భయాన్నంతా పనిలో పెట్టాను. మైకు ఎత్తు సరిచేశాను, తీగలు చూశాను, ఫ్యాను ఆపాను. గొంతు ఎంత వస్తోందో తెరమీద చూసుకోవాలి కాబట్టి, ఒకసారి ఊరికే పాడు అక్కా, అసలుది తర్వాత పాడుదువు అన్నాను. రోజూ అందరితో అనే మాటే.

అక్క కళ్లు మూసుకుని పాడింది. రెండు లైన్లకు ఆపుతుందేమో అనుకున్నాను, ఆపలేదు. ఆ తోవంతా నడిచింది. గరుకుగా, అక్కడక్కడ ఊపిరి చాలక, అయినా ఒక్క వాగు తప్పకుండా, ఒక్క గుట్ట తప్పకుండా పుట్టింటి గడప దాకా పోయింది. అయిపోయాక కొంచెం దగ్గి, తనలో తాను అనుకున్నట్టు, తప్పు పోలేదు గదా అమ్మా అన్నది. రెండు గదుల మధ్య అద్దానికి ఇవతల నేను తెరమీద ఎగిరి పడే గీతలనే చూస్తున్నాను. ఆమె మొహం చూడలేదు. నాకు వినబడిందల్లా గాజుల చప్పుడు, చీర గరగర.

గాజులు తియ్యమన్నాను. అక్క బావ వైపు చూసింది. మూడు రోజుల్లో ఆపరేషన్ పెట్టుకుని ఆ మనిషి గాజులెట్లా తీస్తుంది, నాకు ఆ ఆలోచనే రాలేదు. బావే జేబులోంచి రుమాలు తీసి ఆమె చేతులకు చుట్టాడు. అప్పుడు రికార్డు నొక్కాను. నాలుగో లైనులో 'ప' అక్షరం గాలి టప్‌మని మైకుకు తగిలింది, ఆపాను. మళ్లీ మొదలుపెట్టింది, సందులోంచి హారన్ వచ్చింది, ఆపాను. ఇంకోసారి ఊపిరి గట్టిగా వినబడిందని ఆపాను. ఎన్నిసార్లు ఆపానో అన్నిసార్లూ ఆమె మారు మాట్లాడకుండా మొదటి నుంచి ఎత్తుకుంది. చెమటకు పూలు వాడిపోయాయి. మధ్యాహ్నానికి గొంతు చీలి, ఆ తర్వాత గుసగుస మిగిలి, చివరికి పెదవులు కదలడమే మిగిలింది. ఏం పర్వాలేదు, ముక్కలు అతుకుతాను, మిగతాది రేపు చేద్దాం అన్నాను. ఆ రేపు రాలేదు. మర్నాడు పొద్దునే ఊపిరాడడం లేదని ఆసుపత్రిలో చేర్చారు.

ఆ సాయంత్రం ముక్కలు అతకడానికి కూర్చున్నాను. ఏ ముక్కలోనూ సగం పాట కూడా లేదు. సరే, పొద్దున మొదట ఊరికే పాడింది ఉంది కదా, ఎట్లా ఉన్నా దాన్నే వాడదామని వెతికాను. లేదు. అసలు నొక్కనేలేదు. పచ్చళ్ల దుకాణం షట్టరు దించిన చప్పుడుకు లేచాను.

ఆపరేషన్ బాగానే జరిగిందన్నారు. అక్క మెడ దగ్గర చిన్న రంధ్రం, అందులోంచే ఊపిరి. దిండు పక్కన ఒక నోటుబుక్కు పెట్టారు. నన్ను చూడగానే అందులో, మొదటిసారి పాడింది వినిపించు అని రాసింది. కంప్యూటర్ పాడైంది, రిపేరుకు ఇచ్చాను, రాగానే తెస్తాను అన్నాను. తల ఊపింది. ఆ తర్వాత రెండు మూడుసార్లు అడిగింది, నేను ఏదో ఒకటి చెప్పాను. తర్వాత అడగడం మానేసింది. ఆమె మానేయడం నాకు ఎంత తేలికనిపించిందో రాయడానికి సిగ్గేస్తోంది.

ఆనాటి నుంచి స్టూడియోలోకి ఎవరు వచ్చినా, వాళ్లు కుర్చీ లాక్కునే చప్పుడుతో సహా రికార్డు చేసేవాణ్ని. దగ్గులు, నవ్వులు, ఇంటి సంగతులు, అన్నీ డిస్కుల్లో నిండిపోయేవి. చాదస్తం అనుకునేవాళ్లు.

మూడేళ్లకు జబ్బు తిరగబెట్టింది. ఇక ఏమీ చేయలేమని డాక్టర్లు ఇంటికి పంపారు. ఒక మధ్యాహ్నం బావ మందులకు పోయినప్పుడు మంచం పక్కన కూచుని మొత్తం చెప్పేశాను, రిపేరు అబద్ధమని, నొక్కలేదని. అక్క నోటుబుక్కు తీసుకుంది.

"ఎర్ర లైటు వెలగలేదు. నేను చూసిన."

పాట రికార్డు అవుతున్నప్పుడు లోపలివాళ్లెవరూ తలుపు తియ్యకుండా, రికార్డు నొక్కగానే వెలిగే ఒక ఎర్ర బల్బు ఆ గదిలో పెట్టుకునేవాళ్లం. కళ్లు మూసుకునే ముందు ఆమె దాన్ని చూసింది. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదక్కా అన్నాను. ఈసారి రాయడానికి చాలాసేపు పట్టింది.

"నీ పని నీకు తెల్సు అనుకున్న."

ఆమె పేజీ తిప్పి, పొయ్యి మీద చారు ఉంది, బువ్వ తినిపొమ్మని రాసింది. వంటింట్లోకి పోయి ఒక్కణ్నే వడ్డించుకుని తిన్నాను. అది క్షమించడమో, చిన్నప్పటి అలవాటో నాకు ఈరోజుకీ తెలియదు. రెండు వారాలకు అక్క పోయింది.

ఆ మేడ కూల్చేసి హాస్టల్ కట్టారు. నా పరికరాలు తీసుకునేవాళ్లు లేక అటకెక్కాయి. మా ఈడు వాళ్లం ఒక పాట పట్టడానికి పడ్డ తిప్పలు ఇప్పుడు చెబితే కథల్లా ఉంటాయి, అందరి జేబుల్లోనూ రికార్డు చేసే యంత్రమే ఉంది మరి. అంతకంటే వింత ఏమిటంటే, ఈ ఎండాకాలంలో మా మేనల్లుడు, అంటే అక్క కొడుకు, నా దగ్గర మిగిలిన ఆ విరిగిన ముక్కలు తీసుకుపోయి, గొంతు విని అదే గొంతుతో పాడే కంప్యూటర్‌కు ఇచ్చి, వాళ్లమ్మ గొంతుతో పాట చేయించాడు. మాటలు నన్నే అడిగాడు. నాకు సగం వాగుల పేర్లే గుర్తున్నాయి, మిగతావి వాడే ఏవో కల్పించి పూర్తి చేశాడు. ఎంతో ప్రేమతో చేశాడు, వాణ్ని ఒక్క మాట అనడానికి లేదు.

విన్నాను. దగ్గు లేదు, ఊపిరి లేదు, గాజులు లేవు. ఎక్కడా ఒక్క మచ్చ లేదు, ఒకప్పుడు నేను కోరుకున్నట్టే ఉంది. వాడి కూతురు ఎనిమిదేళ్లది, నానమ్మను చూడనేలేదు. ఆ పిల్ల ఇప్పుడు రోజూ అది పెట్టుకుని, మా నానమ్మ పాట అని స్నేహితులకు వినిపిస్తోంది, కల్పించిన వాగుల పేర్లతో సహా నేర్చుకుంటోంది. నానమ్మ ఇట్లనే పాడేదా తాతా అని మొన్న నన్ను అడిగింది. కాదని చెప్పాలని నోటిదాకా వచ్చింది. మరెట్లా పాడేదో వినిపించమంటే వినిపించడానికి నా దగ్గర ఏముంది? ఇట్లనే పాడేది బిడ్డా అన్నాను.