తువ్వాల కింది స్కాలర్‌షిప్పు

మా ఇంట్లో ఊరికే వచ్చినదాన్ని ఎవరూ ముట్టుకునేవారు కాదు. ప్రసాదం ఒక్కటే మినహాయింపు. దాన్ని కూడా మా బాపు ముందు వాసన చూసి, ఆ తర్వాతే కళ్లకద్దుకునేవాడు.

బాపుది మానుకోట మార్కెట్ గంజ్‌లో మిర్చి అడ్తి. అంటే రైతు తెచ్చిన బస్తాలను దగ్గరుండి అమ్మించి కమీషన్ తీసుకునే దుకాణం. బోర్డుల మీద మహబూబాబాద్ అని రాసి ఉన్నా మాకది మానుకోటే. ఆ వ్యాపారానికి అనుమానమే పెట్టుబడి. పైన ఎర్రగా నిగనిగలాడే బస్తాకు అడుగున తాలుకాయ ఉంటుంది. బరువు కోసం రాత్రి నీళ్లు చల్లిన బస్తా పొద్దునకు అమాయకంగా నిలబడి ఉంటుంది. బాపు మోచేతి దాకా చెయ్యి దింపి అడుగు నుంచి గుప్పెడు కాయలు పైకి తీసేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి అదే చేత్తో మా ముఖాలు నిమరబోతే పిల్లలం పారిపోయేవాళ్లం.

గంజ్‌లో వేలంపాట గట్టిగానే జరిగేది. అయినా పాతకాలం వ్యాపారులు అసలు ధర నోటితో చెప్పుకునేవారు కాదు. ఇద్దరూ చేతులు కలిపి పైన తువ్వాల కప్పుకునేవారు. కొనేవాడు ఎన్ని వేళ్లు పట్టుకుంటే అన్ని వందలు. ఒప్పుకుంటే అమ్మేవాడు చెయ్యి అలాగే ఉంచేస్తాడు. చాలదంటే తిరిగి ఎక్కువ వేళ్లు పట్టుకుంటాడు. పిడికిలి మూశాడంటే బేరమే లేదు, సరుకు ఇవ్వడు. పక్కన నిలబడ్డవాళ్లకు ముఖాలు తప్ప ఏమీ కనిపించవు, ఆ ముఖాల్లో చదవడానికి ఏమీ ఉండదు. తువ్వాల కింద కుదిరిన మాట మూడోవాడికి చెప్పడం మహాతప్పు. మా అమ్మకు కూడా బాపు ఎప్పుడూ చెప్పలేదు.

అరవై తొమ్మిది తెలంగాణ గొడవలప్పుడు నేను జనగామలో చదువుకుంటున్నాను. స్టేషన్ దగ్గర లాఠీలు లేచాయి, చదువు మూతపడింది, నా ఏడాది మన్నులో కలిసింది. మా ఉద్యోగాల్లో ఎవరో వచ్చి కూర్చున్నారన్న మాట ఆ ఏడాది ప్రతి అరుగు మీదా విన్నాను. నిజం కూడా ఉంది అందులో. దాంతో నాకు ఒక జబ్బు పట్టుకుంది. కోస్తా యాస చెవిన పడితే చాలు, ఈయన ఎవరి కుర్చీలో కూర్చున్నాడో అని లోపల లెక్క మొదలయ్యేది. పైగా సినిమాల్లో మా మాట మాట్లాడేవాడు తాగుబోతో నౌకరో అయి ఉండేవాడు. హాల్లో అందరూ నవ్వుతుంటే నాకు ఒళ్లు మండేది.

అలాంటివాణ్ని డెబ్బైల చివర హన్మకొండలో ఎమ్మెస్సీ పూర్తికాగానే మా ప్రొఫెసర్ గదిలోకి పిలిచాడు. బక్కపలచటి మనిషి. అచ్చమైన కోస్తా. మిరపతోటల్లో ఆకులు ముడుచుకుపోయే బొబ్బర తెగులు మీద పరిశోధన చెయ్యమన్నాడు. ప్రభుత్వ స్కాలర్‌షిప్పు ఇప్పిస్తానన్నాడు. నెలకు మూడు వందలు. ఏడాదికోసారి ఆయన రిపోర్టు రాస్తేనే అది ముందుకు సాగుతుంది.

"నేనే ఎందుకు సార్?" అని అడిగాను. థాంక్స్ చెప్పాల్సిన చోట ఈ ప్రశ్న నా నోట్లోంచి ఊడిపడింది.

"నీకు చేనూ తెలుసు, బస్తా కూడా తెలుసు కదయ్యా. నాకు ఆకు ఒక్కటే తెలుసు," అన్నాడు.

నాకంటే ఇంగ్లీషు బాగా మాట్లాడేవాళ్లుండగా నన్ను పిలవడంలో మతలబు ఏమిటని రూముకు పోయే దారంతా ఆలోచించాను. ఆవకాయకు మిర్చి ఊరికే తెప్పించుకోవడానికేమో అనిపించింది. అయినా ఆ స్కాలర్‌షిప్పు నాకు కావాలి. చాలా కావాలి. అది లేకపోతే బాపు పక్కన గల్లాపెట్టె ముందు కూర్చుని, మిర్చి ఘాటుకు తుమ్ముకుంటూ బతుకంతా గడపాలి. ఆ మాట ఇంట్లో అననైతే లేదు.

ఇంట్లో సంగతి చెప్పగానే బాపు తినే ముద్ద ఆపాడు.

"మంచి మిర్చికే ధర లేదు. రోగపు మిర్చిని చూసినందుకు సర్కార్ నెలనెల పైసలిస్తదా?"

"ఇస్తది బాపు."

"కాళ్లు జేతులు మంచిగున్నోనికి చదువుకున్నందుకు జీతమా? ఎవడిస్తున్నడు గది? కోస్తా సారా?" అని ముద్ద కంచంలో పెట్టేశాడు. "నేనొచ్చి చూస్త."

అన్నట్టే వచ్చాడు. కొత్త ధోతి, భుజాన తువ్వాల. ప్రొఫెసర్ ఇంట్లో కాఫీ ఇస్తే, ఆయన మొదటి గుక్క తాగేదాకా బాపు గ్లాసు ముట్టుకోలేదు. చదువు గురించి ఒక్క ముక్క అడగలేదు. వానల గురించి మాట్లాడాడు, మిర్చి ధర గురించి మాట్లాడాడు. లేచేముందు నన్ను రిక్షా పిలుచుకురమ్మని బయటికి పంపించాడు. నేను తిరిగొచ్చేసరికి ఇద్దరూ గుమ్మంలో నవ్వుతూ నిలబడి ఉన్నారు.

బస్టాండు దాకా బాపు ఏదో కూనిరాగం తీశాడు. "సారు మంచోడు. మంచిగ చదువుకో," అన్నాడు బస్సెక్కుతూ.

మా బాపు ఒక మనిషిని మంచోడన్నాడంటే ఆ మనిషితో బేరం కుదిరిందని అర్థం. అంతకుమించి మంచితనం ఆయన నిఘంటువులో లేదు.

ఆ రోజు నుంచి ప్రొఫెసర్ ఏం చేసినా నాకు దొంగలెక్కగానే కనిపించింది. తన సొంత పుస్తకాలు ఇచ్చాడు. నేను రాసిన పేజీలు దిద్దేటప్పుడు నా మాటను వెక్కిరించకుండా, "మీ వైపు దీన్నేమంటారు?" అని అడిగి రాసుకున్నాడు. వల వేసేవాడు గింజలు చల్లకుండా ఉంటాడా అనుకున్నాను. చేలల్లో నా పరిస్థితి ఇంకో రకం. ఆకుల కోసం మొగుళ్లపల్లి, రేగొండ వైపు పోతే రైతులు నన్ను గట్టు ఎక్కనిచ్చేవారు కాదు.

"అడ్తి సేటు కొడుకువు గాదు? చేనుల రోగముందని చూసి పోతవు, రేపు గంజ్‌ల ధర తగ్గిస్తరు. మాకెరుక లేదా?" అన్నాడొక పెద్దాయన, చేతిలో ముల్లుకర్ర దించకుండానే. వాళ్లను నేను తప్పుపట్టలేదు. వాళ్ల స్థానంలో నేనున్నా అదే మాట అనేవాణ్ని.

స్కాలర్‌షిప్పు డబ్బు సర్కారు పద్ధతిలోనే వచ్చింది. నెలలకు నెలలు పత్తా లేదు, మిర్చి కోతల కాలానికి అంతా ఒక్కసారి వచ్చిపడింది. ఆ కబురు ఇంటికి రాశాను. వారం తిరగకుండా బాపు హన్మకొండలో దిగాడు. నా దగ్గరికి రాలేదు. నేరుగా ప్రొఫెసర్ ఇంటికి పోయాడు.

నాకు ఆ సంగతి మరునాడు పొద్దున ప్రొఫెసర్ గదిలో తెలిసింది. ఆయన ముఖం ఎర్రబడి ఉంది. బల్ల పక్కన చిన్న మిర్చి సంచీ ఉంది, దాని మీద వంద రూపాయల నోట్లు ఐదున్నాయి.

"మీ నాన్నగారు వదిలిపెట్టి వెళ్లారు. వద్దంటే చక్కా నవ్వి, ముందే అనుకున్నదే కదా సారూ అన్నారు. నేనెప్పుడు అనుకున్నాను? నన్ను కొనుక్కోవడం ఎవరు నేర్పారు మీకు? ఇవి తీసుకుపో. ఇక నువ్వు రానక్కర్లేదు."

ఆయన రిపోర్టు ఆ నెలలోనే రాయాలి. అంటే నా చదువు అయిపోయిందని అర్థం. నేను సంచీ, నోట్లు తీసుకుని అప్పటికప్పుడు మానుకోట బస్సెక్కాను. దారంతా ఇద్దరినీ తిట్టుకున్నాను. ముందు ఒప్పుకుని ఇప్పుడు నటిస్తున్నాడని ఆయన్ని, ఇచ్చి పరువు తీశాడని ఈయన్ని.

గంజ్‌లో బస్తాల నడుమ నిలబెట్టి నిలదీస్తే బాపు కూడా కోపానికొచ్చాడు.

"ఆయనే గద ఒప్పుకున్నడు! నువ్వు రిక్షాకు పోయినప్పుడు తువ్వాల కప్పి రెండు వేళ్లు పట్టుకున్న. ఏడాదికి రెండొందలని. ఆయన నా అయిదు వేళ్లు గట్టిగ పట్టుకున్నడు. అయిదన్నడు. నేను సరే అన్న. ఇప్పుడు నీతులు చెప్తుండా?"

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ధర తెలిశాకే మా బాపుకు ఆ చదువు మీద నమ్మకం కలిగింది. ఊరికే వస్తుందన్నన్నాళ్లూ ఆయనకు నిద్ర లేదు.

మర్నాడు మళ్లీ హన్మకొండ పోయి ప్రొఫెసర్ గుమ్మంలో నిలబడి అంతా చెప్పాను. తువ్వాల, వేళ్లు, వందలు. ఆయన కళ్లజోడు తీసి నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఆయన చెయ్యి వణుకుతుంటే, పిల్లాడి గురించి బెంగ కాబోలని పట్టుకున్నానయ్యా. వేళ్లతో బేరమా? కట్టుకథ బాగానే అల్లావు."

అనుమానం మాకే సొంతం అనుకునేవాణ్ని. ఆయనకూ ఉందని ఆ రోజు తెలిసింది. నేను తిరిగొచ్చేశాను. బాపు నాకు గల్లాపెట్టె పక్కన చోటు చూపించాడు.

ఆ నెల తిరగకుండానే గంజ్ కిక్కిరిసి ఉన్న ఒక పొద్దున, మిర్చి ఘాటుకు ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని ప్రొఫెసర్ మా దుకాణం ముందు ప్రత్యక్షమయ్యాడు. ముందుగా కబురు లేదు. చెప్పి వస్తే మేం నాటకం ఆడతామనుకున్నాడని నేను అప్పుడే గ్రహించాను. ఆయన మాతో మాట్లాడలేదు. ఒక పక్కన నిలబడి, ఇద్దరు ముసలి వ్యాపారులు తువ్వాల కింద చేతులు కలపడం చూశాడు. ఒకాయన పిడికిలి మూసి చెయ్యి వెనక్కు లాక్కున్నాడు. రెండోవాడు నవ్వి వెళ్లిపోయాడు. దాని అర్థమేమిటని ప్రొఫెసర్ పక్కనున్న హమాలీని అడిగాడు, వాడు చెప్పాడు. అక్కడే చాలాసేపు ఉండిపోయాడు.

అప్పుడు బాపు గద్దె దిగి ఆయన ముందుకు వచ్చి, చెయ్యి చాచి తువ్వాల కప్పాడు. ప్రొఫెసర్ ఒక్క క్షణం ఆగి తన చెయ్యి లోపలికి పెట్టాడు.

నేను మూరెడు దూరంలో ఉన్నాను. నా బతుకు ఆ గుడ్డ కింద తేలుతోంది, నాకు రెండు ముఖాలు తప్ప ఏమీ కనిపించలేదు. ప్రొఫెసర్ ముఖం కూడా అచ్చం గంజ్ ముఖంలా అయిపోయింది. చేతులు బయటికి వచ్చాయి. ఆయన తుమ్ముకుంటూ, "సోమవారం రావయ్యా," అని నాతో అని బస్టాండు వైపు నడిచాడు.

"ఎంతకు కుదిరింది?" అని బాపును అడిగాను.

"తువ్వాల కింది మాట అడుగుతర్రా ఎవలన్న?" అని కసిరాడు.

ప్రొఫెసర్ రిపోర్టు బాగా రాశాడు. స్కాలర్‌షిప్పు సాగింది. నాకు మాత్రం మనశ్శాంతి పోయింది. అది నా తెలివికి వస్తోందా, బాపు వేళ్లకు వస్తోందా? బాపు ఏటా కడుతున్నాడని తీర్మానించుకున్నాను. ఆ కసితో చేశాను చదువు. కొన్నది కాదు, సంపాదించిందే అని నాకు నేను రుజువు చేసుకోవాలి. గట్టు ఎక్కనివ్వని రైతులను బతిమాలి రేగొండ చేలల్లో నడి ఎండలో ఆకులు లెక్కపెట్టాను. అడవి నడుమ పోడు చేలల్లో తెగులు ఉందో లేదో చూడ్డానికి కొత్తగూడ దాకా నడిచిపోయి జ్వరం తెచ్చుకున్నాను. ప్రొఫెసర్ దవాఖానకు వచ్చి బత్తాయిలు పెట్టి వెళ్లాడు. కడుతున్న పైసలకు ఇది వడ్డీ అనుకుని తిన్నాను. ఆయన రిటైరై సొంత ఊరికి వెళ్లేరోజు స్టేషన్‌కు పోయి నమస్కారం పెట్టాను. థాంక్స్ మాత్రం చెప్పలేదు.

ఎనభైల్లో డిగ్రీ చేతికొచ్చింది. బొగ్గు బావుల సందడి మొదలవుతున్న భూపాలపల్లిలో లెక్చరర్ ఉద్యోగమూ వచ్చింది. ఆర్డరు పట్టుకుని ఇంటికి పోయిన రోజు బాపు అన్నం తింటున్నాడు. పక్కనే కూర్చుని అడిగాను.

"ఇప్పుడన్న చెప్పు బాపు. సారుకు ఏడాదికెంత ఇచ్చినవ్?"

"ఏం తీసుకుంటడు ఆయన?" అన్నాడు కంచంలోంచి తలెత్తకుండా. "ఒక్క వేలు పట్టుకున్న, ఇడిపిచ్చుకున్నడు. మూడు పట్టుకున్న, ఇడిపిచ్చుకున్నడు. అయిదు పట్టుకున్న. పిడికిలి మూసిండు."

నాకు కోపం తన్నుకొచ్చింది. "ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలే? ఆ మనిషిని దొంగ అనుకుంట బతికిన గదా!"

"చెప్తే ఏమైతుండె? ఊకెనే వచ్చిందని మంచిగ పండుకుంటుంటివి. నేను కడుతున్ననుకున్నవు గనుకనే ఎండల పడి తిరిగినవ్."

"నా మీద గంత అనుమానమా నీకు?"

బాపు అన్నంలో మజ్జిగ పోసుకున్నాడు.

"నీ మీద గాదు బిడ్డా. ఆయన మీద. పిడికిలి మూసినోళ్లను గంజ్‌ల మస్తుమందిని చూసిన. పిడికిలి మూసి కూడ సరుకు ఇచ్చినోన్ని ఆయననొక్కన్నే చూసిన. ఎందుకిచ్చిండో నాకు ఇప్పటికీ సమజ్ గాలె," అని మజ్జిగ కలుపుకున్నాడు.