బావిలో పడ్డ కాలిన ఆయిల్

ఉదయం షెడ్డులో ట్రాక్టరు స్టార్ట్ చేయగానే మొదటి పొగతో వచ్చే డీజిల్ వాసనకు నాకు దేవదానం గారు గుర్తొస్తారు. మార్టూరు చుట్టుపక్కల మిరప చేలకు నీళ్లు తోడే ఆయిల్ ఇంజన్లను బాగుచేయడం నేర్పింది ఆయనే. పదో తరగతితో బడి మానేసినవాణ్ణి, మిగతా చదువంతా శాఖా గ్రంథాలయం బల్ల దగ్గరే. సముద్రం అడుగున చచ్చిన సూక్ష్మజీవులు కోట్ల ఏళ్లు మగ్గి చమురయ్యాయని ఒకరోజు గర్వంగా చెప్పాను. ఆయన స్పానరు తుడుచుకుంటూ, "అయితే కోట్ల ఏళ్ల సరుకుని మనం ఒక్క మిరప కాపుకి తగలేస్తన్నామన్నమాట" అన్నారు. ఆ మాట నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

ఒక వేసవిలో ఆయన సొంత పల్లెలో, తాగునీటి బావి పక్కనున్న ఇంజనుకు ఆయిల్ మారుస్తున్నాం. తీసిన కాలిన ఆయిల్‌ను బేసిన్‌లో పట్టి బావి గట్టు మీద పెట్టాను. అలా పెట్టొద్దని ఆయన ఎన్నోసార్లు చెప్పారు. మోచెయ్యి తగిలి బేసిన్ ఒరిగింది, సగం ఆయిల్ బావిలోకి జారింది. చుట్టూ ఎవరూ లేరు.

"నూనె నీళ్లకన్నా తేలికండీ, పైనే తేలుద్ది. గుడ్డతో అద్ది తీసేద్దాం, ఎవరికీ తెలీదు" అన్నాను. అదీ గ్రంథాలయంలో చదివిందే.

"తేలేది నీకు కనపడుద్దిరా. కలిసింది తాగేవాళ్లకి ఎట్టా కనపడుద్ది? సాయంత్రం ఆడోళ్లు బిందెలతో వస్తారు. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

నేను గుడ్డ తీసుకుని గట్టు తుడవడం మొదలెట్టాను. ఆయన నేరుగా చర్చికి వెళ్లి మైకు అందుకున్నారు. "బావిలో ఇంజనాయిల్ పడింది. నా చేతి తప్పు. కడిగేదాకా ఆ నీళ్లు ఎవరూ తాగొద్దు." నా పేరు ఎత్తలేదు.

ఆ ఇంజనే పెట్టి మూడు రోజులు బావి తోడాం. ఆయిల్ చేసిన చెరుపు పోగొట్టడానికి మళ్లీ డీజిలే కాల్చాం. పల్లె మీద నల్లటి పొగ నిలిచింది. కొత్త నీరు ఊరినా ఆడవాళ్లు చాలాకాలం దూరపు చెరువుకే నడిచారు. "వచ్చాడమ్మా, బావికి తలంటిన మేస్త్రీ" అని ఒకావిడ ఆయనకు వినపడేట్టే అనేది. ఆదివారం చర్చిలో ఆయన పక్క చోటు ఖాళీగా ఉండేది. రెండు వరసల వెనక కూర్చుని, లేచి నిజం చెబుదామనుకుంటూనే ఉండిపోయేవాణ్ణి.

"పోనీలేరా, నీకు పని నేర్పిన చెయ్యి నాదేగా" అన్నారొకసారి, నా మొహం చూడకుండా.

కరెంటు మోటార్లు వచ్చి ఇంజన్లు తగ్గాయి. ఆయనా పోయారు. ఆ బేసిన్ పెట్టింది నేనేనని సమాధి దగ్గర చెప్పాను. అప్పటికి ఆ మాట ఎవరికీ అక్కర్లేదు.

మొన్న ఒక చేలో ట్రాక్టరుకు ఆయిల్ మారుస్తుంటే కాలువలో కొంచెం ఒలికింది. గట్టు వెంట నడిచి, కింది చేనువాళ్ల ఇంటికి వెళ్లి చెప్పాను.

"ఇంత దానికి ఇంత దూరం వచ్చావా అన్నా?" అంది ఆ ఇల్లాలు.

"నా చేతి తప్పమ్మా. ఇవాళ గేదెల్ని ఆ నీళ్లకి వదలొద్దు."

ఆమె తలూపి లోపలికి వెళ్లింది. ఈసారి నేనే చెప్పానని చెప్పుకోవడానికి దేవదానం గారు లేరు.