మీరా సాహెబు సీసాలో మందు

1974 జూన్‌లో నన్ను తిరువూరులోని ఒక చిన్న ప్రభుత్వ ఆసుపత్రికి కాంపౌండరుగా బదిలీ చేశారు. ఇప్పుడు మమ్మల్ని ఫార్మసిస్టులంటున్నారు గానీ, అప్పట్లో మా పని పేరుకు తగ్గట్టే కలపడం. డాక్టరు గారు చీటీ రాస్తే, దాని ప్రకారం పెద్ద జాడీల్లోని ద్రావకాలు కొలిచి, కలిపి, కిటికీలోంచి అందించాలి. సీసా మాత్రం రోగిదే. నెమలి, వినగడప లాంటి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు తలనూనె సీసాలు, సారా సీసాలు, ఏది దొరికితే అది కడిగి తెచ్చేవారు.

సీసాకు కాగితపు పట్టీ అంటించడం కూడా మా విద్యలో భాగమే. సన్నని కాగితాన్ని మడిచి, అంచును కత్తెరతో కత్తిరించి విప్పితే వరుసగా మెట్లు పడతాయి. ఒక మెట్టు ఒక మోతాదు. పొద్దున ఒక మెట్టు, సాయంత్రం ఒక మెట్టు అంటే చదువు రానివాళ్ళకు కూడా తెలిసిపోయేది. నా మెట్లు వెంట్రుకవాసి తేడా లేకుండా వస్తాయని నాకు కొంచెం గర్వం ఉండేది. దాచడమెందుకు, బాగానే ఉండేది.

ఆ చలికాలంలో మీరా సాహెబు మా ఆసుపత్రికి వచ్చాడు. బజారులో టైలరు, అరవై దాటినవాడు. వయసులో ఉండగా విడవని దగ్గుకు ఎవరో నల్లమందు అలవాటు చేశారు. దగ్గు పోయింది, నల్లమందు ఉండిపోయింది. అలాంటి పాత అలవాటువాళ్ళ పేర్లు ఎక్సైజు వారి దగ్గర ఉండేవి. వాళ్ళిచ్చిన పర్మిటు చూపిస్తే లైసెన్సు దుకాణంలో నెలకింతని నల్లమందు దొరికేది. ఇంకో నాలుగు నెలల్లో గడువు తీరే ఆ పర్మిటును ఇక పొడిగించబోమని ఆయనకు చెప్పేశారు. ఆ కాగితం పట్టుకుని, భార్య జాన్‌బీని వెంటబెట్టుకుని వచ్చాడు.

డాక్టరు గారు ఆయన్ని పరీక్షించి నాతో విషయం చెప్పారు. ముప్ఫై ఏళ్ళ అలవాటు ఒక్కసారి ఆగితే వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరంతా పోతుంది. ఈ వయసులో ప్రాణం మీదికి వస్తుంది. అలవాటు మాన్పించే ప్రత్యేక వార్డులు మాకు ఆ రోజుల్లో లేవు. కాబట్టి పర్మిటు ఉన్న ఈ నాలుగు నెలల్లోనే దుకాణం సరుకు ఆపి, మా చేతి మందుతో మెల్లగా దించాలి.

పద్ధతి ఇదీ. నల్లమందు టింక్చరు తాళం వేసిన విషమందుల బీరువాలో ఉంటుంది. వాడిన ప్రతి చుక్కా రిజిస్టరులో రాయాలి. మొదటి రెండు వారాలు పూర్తి మోతాదు. తరవాత వారం వారం కొన్ని చుక్కలు తగ్గించి, ఆ మేరకు నేలవేము కషాయం కలపాలి. రంగు తేలిపోకుండా కాల్చిన పంచదార నీళ్ళు వేయాలి. రంగు అదే, చేదు అదే, మెట్టు అదే. తగ్గిస్తున్నామని చెప్పాలా వద్దా అన్నది డాక్టరు గారు నాకే వదిలేశారు. చెబితే బెంగతోనే సగం చచ్చిపోతాడని నేను చెప్పలేదు. అది దయ అనే అనుకున్నాను.

మూడు రోజులకోసారి, ఆరు మోతాదులకని వచ్చేవాడు. సీసాను భుజం మీది తువాలుతో తుడిచి అందించి, ప్రతిసారీ ఒకటే ప్రశ్న.

"బాబూ, కొయ్యలేదు కదా?"

"లేదు సాయిబు గారూ, అదే మెట్టు."

ఆ మాట వింటే ఆయన మొహం తేటపడేది. ఒకసారి నా తెల్లకోటు గుండీ వేలాడుతుంటే చూసి, జేబులోంచి సూదీ దారం తీసి, కిటికీ ఊచల సందులోంచే కుట్టేశాడు. వెనక వరుసలోవాళ్ళు గొణిగినా వినిపించుకోలేదు. ఆయనంటే నాకు ఇష్టం ఏర్పడింది. వచ్చినప్పుడల్లా మనం అబద్ధం చెబుతున్న మనిషి మీద ఇష్టం పెరగడం ఇబ్బందిగా ఉంటుంది.

ఎనిమిదో వారానికి నల్లమందు మొదటి మోతాదులో పావు వంతుకు వచ్చింది. లోలోపల విజయం నాదే అనుకుంటున్నాను. ఒక రోజు పదకొండింటికి ఓపీ ముగుస్తుండగా గేటులోకి రిక్షా వచ్చింది. జాన్‌బీ ఒడిలో మీరా సాహెబు తల వాల్చి ఉన్నాడు. కంటిపాపలు సూదిమొనంత అయిపోయాయి. ఊపిరి ఒకటి వదిలాక మరొకటి ఎప్పుడొస్తుందా అని చూడాల్సి వస్తోంది. అది నల్లమందు ఎక్కువైన లక్షణం.

"ఎంత కలిపారు?" అన్నారు డాక్టరు గారు.

పావు వంతే అన్నాను. అంత తక్కువకు ఇలా అవ్వదన్నారు. అప్పుడు జాన్‌బీ సంచీలోంచి ఇంకో సీసా తీసింది. దాని మీద నేను అంటించిన పట్టీ ఉంది.

"ఇదెక్కడిదమ్మా?"

"మీరిచ్చిందే బాబూ. మొదట్లో సీసా సీసాకీ ఒక మెట్టు మిగిల్చి ఈ పాత సీసాలో దాచేవారు. దుకాణంలో సరుకు లేక గిలగిల్లాడిన రోజులున్నాయిగా, ఆ భయం. ఇయ్యాల ఒళ్ళు నొప్పులు, ఆవలింతలూ అంటే రెండు మెట్లు నేనే పోసిచ్చా. ఒకటే మందు కదా అని."

అది పాత మందు, పూర్తి బలం. రెండు మెట్లంటే, అప్పటికి ఆయన ఒక్కోసారి తాగుతున్నదానికి ఎనిమిది రెట్లు. ఒకటే మందు అని ఆమెకు చెప్పింది ఎవరు? నేనే, నెలన్నర నుంచి.

దీనికి విరుగుడు ఇంజక్షను మా దగ్గర లేదు. విజయవాడ వెళ్ళేదాకా ఆయన ప్రాణం నిలవదు. డాక్టరు గారు గొట్టం వేసి, పొటాషియం పర్మాంగనేటు కలిపిన గులాబీరంగు నీళ్ళతో కడుపు కడిగారు. నర్సమ్మ చిక్కని కాఫీ కాచి తెచ్చింది. ఇక మిగిలింది ఒక్కటే, ఆయన్ని నిద్రపోనివ్వకూడదు. నిద్రపోతే ఊపిరి మరిచిపోతాడు. నర్సమ్మా నేనూ చెరో రెక్కా పట్టుకుని వరండాలో నడిపించాం. కాళ్ళు ఈడ్చుకుపోతున్నాయి. పిలిచినా, గిల్లినా లాభం లేదు.

జాన్‌బీ ఎదురుగా వచ్చి నిలబడి గద్దించింది.

"కళ్ళు తెరవండి! నిన్న కత్తిరించిన నీలం జాకెట్టు ఎవరిది? చేతి పొడుగెంత?"

పెదవులు కదిలాయి. "ఆరున్నర..."

"కాలరు లేని చొక్కా? ఛాతీ ఎంత?"

"ముప్ఫయ్... ముప్ఫయ్యెనిమిది."

అదీ ఆ మనిషిని మేలుకొలిపే మార్గం. ఊళ్ళో ఒక్కొక్కరి పేరే చెప్పి ఆమె కొలతలడిగింది, ఆయన చెప్పాడు. ఒకటి తప్పు చెబితే ఆమె కాదంది. ఆయన కళ్ళు తెరిచి, నాకు చెప్పొచ్చావా అన్నట్టు చూశాడు. ఆ చూపుకు నర్సమ్మ నవ్వేసింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. సాయంత్రం నాలుగింటికి ఊపిరి కుదురుకుంది.

మర్నాడు పొద్దున డాక్టరు గారు నాతో ఒకే మాట అన్నారు, "మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

నేనే చెప్పాను. మంచం పక్కన నిలబడి, ఏ వారం ఎన్ని చుక్కలు తగ్గించానో, రంగు ఎలా నిలబెట్టానో అంతా చెప్పి, తప్పు నాదేనన్నాను.

"కొలత మార్చి, అదే కొలతన్నారా బాబూ?" అన్నాడు మీరా సాహెబు. కోపంగా అనలేదు. అందుకే ఇంకా తగిలింది. "చెప్పి కోస్తే ఓర్చుకునేవాణ్ణిగా."



ఆ తరవాత పద్ధతి మార్చాం. దాచిన సీసా నా ముందే పారబోయించాను. ఆయన వచ్చినప్పుడల్లా లోపలికి పిలిచి, స్టూలు మీద కూర్చోబెట్టి, కొలతగ్లాసులోకి చుక్కలు పైకి లెక్కపెడుతూ వేసేవాణ్ణి. ఈసారి రెండు తీసెయ్యమని ఒకసారి, ఈ మూడు రోజులూ ఇట్లాగే ఉండనిమ్మని ఒకసారి ఆయనే చెప్పేవాడు. కొన్ని వారాలు చెమటలు, వణుకు తప్పలేదు. ఒక వారం మిషను తొక్కలేకపోయాడు. అయినా దాచుకోలేదు, నన్ను ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు. పర్మిటు ముగియడానికి పది రోజుల ముందు నేను చుక్కలు వెయ్యబోతుంటే గ్లాసు మీద అరచెయ్యి మూశాడు.

"చాలు బాబూ."

నాకు తిరువూరు నుంచి బదిలీ అయ్యేనాటికి ఆయన మిషను తొక్కుతూనే ఉన్నాడు.

వైద్యుడి దగ్గరా వకీలు దగ్గరా ఏదీ దాచకూడదని మనవాళ్ళంటారు. రోగికి ఆ నియమం పెట్టినవాళ్ళు, మందిచ్చేవాడికి ఏ నియమమూ పెట్టలేదు. నాకు నేనే పెట్టుకున్నాను. సీసాలో ఏముందో, కిందటిసారికీ ఈసారికీ ఏం మారిందో చెప్పకుండా మందు చేతికివ్వకూడదు. వాళ్ళకు అర్థం కాదేమో, భయపడతారేమో అని ముందే తేల్చుకోవడం కాంపౌండరు పని కాదు. రిటైరయ్యేదాకా అలాగే చెప్పి ఇచ్చాను. దానివల్ల కిటికీ ముందు వరుస కదిలేది కాదు, జనం విసుక్కునేవారు. విసుక్కోనిచ్చాను.