మండె కట్టిన గడ్డి విత్తనాలు

గడ్డి మొలిచింది, ఊరోళ్లారా! ఈ ఎడారి దేశంల, అల్ ఖోర్ల మా బిడ్డ ఇంటి ముందటి ఇసుకల పచ్చగ మొలిచింది. ఫెస్క్యూ అంటరు, వేర్లు దిగినంక నీళ్లు, కోత తక్కువే అడుగుతదట. అల్లుడు రెండుసార్లు చల్లితే మొలవలే. చివరి ప్యాకెట్ నేను తీసుకొని, వడ్ల లెక్క నానబెట్టి మొలక పగిలేదాక గోనెసంచిల మండె కట్టిన.

"మామా, ఇవేమన్న వడ్లా?" అని నవ్విండు.

"గింజ గింజే బిడ్డా. మొలవకుంటే నేను ఇంటికి విమానమెక్కుత," అన్న.

ఇయ్యాల పొద్దుగాల అల్లుడు చెప్పులిడిచి, వంగి, గడ్డిని అరచేత్తో నిమిరిండు. "మామా, వెనక జాగ గూడ ఉన్నది. ఇంకో నెల ఉండుండ్రి," అన్నడు. నాకు కండ్లల్ల నీళ్లొచ్చినయి. మీ అల్లుళ్లు ఎన్నడన్న ఇట్ల అడిగిండ్రా?

మా అన్నకు, సిద్దిపేట చెల్లెకు, పెద్ద బావకు చెప్పుండ్రి. ఎడారిల గడ్డి మొలుస్తదా అన్న చిన్న బామ్మర్దికి అందరికన్న ముందు చెప్పుండ్రి.