రెండిళ్ళ వీధి

నా చిన్నతనంలో మా వీధికి పేరుండేది, దీపస్తంభాలుండేవి... ఇళ్ళు మాత్రం రెండే.

మిషిగన్‌లో ట్రాయ్‌కి కాస్త ఉత్తరంగా అప్పుడే వేస్తున్న సబ్‌డివిజన్... కొత్త ఇళ్ళ కాలనీ అది. నాన్న కార్ల విడిభాగాల కంపెనీలో డిజైన్ ఇంజనీర్. అప్పటిదాకా అపార్ట్‌మెంట్‌లో పెరిగిన నాకు ఇంట్లోనే మెట్లుండటం పెద్ద సంబరం. ఎక్కీ దిగీ ఇల్లంతా దడదడలాడించేదాన్ని...

మేము దిగిన కొన్నాళ్ళకే కార్ల కంపెనీలు కుదేలయ్యాయి. ఇళ్ళు కొనే నాథుడు లేడు. బిల్డర్ చేతులెత్తేశాడు. రోడ్డుకి పైపొర తారు వెయ్యనే లేదు... మ్యాన్‌హోల్ మూతలు పైకి పొడుచుకొచ్చి ఉండేవి. ఇళ్ళు లేవాల్సిన చోటల్లా నడుముదాకా గడ్డి.

రెండో ఇల్లు క్లోయీ వాళ్ళది. క్లోయీ నా క్లాసే. వాళ్ళ నాన్న ట్రక్కుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. వాళ్ళమ్మ డెనీస్ ఆంటీ... ఈ దేశంలో మా అమ్మకి దొరికిన మొదటి ఇరుగుపొరుగు స్నేహం. అమ్మ చేసిన పులిహోర ఫోర్క్‌తో తింటూ, కారానికి ముక్కు తుడుచుకుంటూనే ఇంకాస్త పెట్టించుకునేది.

ఒక వేసవిలో క్లోయీ నాన్న పొద్దుటిపూట కూడా ఇంటి దగ్గరే కనిపించడం మొదలైంది. లాన్ కోసేవాడు... రెండ్రోజులకే మళ్ళీ కోసేవాడు. అమ్మ కిటికీలోంచి కాసేపు చూసి కర్టెన్ వేసేసేది. ఆయన్ని చూస్తుంటే అమ్మకి మా నాన్న ఉద్యోగమే గుర్తొచ్చేదని నాకు చాలా ఏళ్ళకి గానీ తెలియలేదు.

ఆకులు రాలే రోజుల్లో వాళ్ళు వెళ్ళిపోయారు. ఇల్లు బ్యాంక్ తీసేసుకుందట. క్లోయీ తన స్కూటర్ నాకిచ్చి, ఒహాయోలో వాళ్ళ అమ్మమ్మ ఇంటికి బయల్దేరింది. వాళ్ళ ముందు తలుపుకి కొత్త తాళం పడింది.

ఆ తర్వాత కొద్ది రోజులకే నాన్న ఉద్యోగమూ పోయింది. వెతగ్గా వెతగ్గా టెక్సస్‌లో దొరికింది. మా ఇల్లు కొనడానికి మాత్రం ఎవరూ రాలేదు.

"అందరం పోదామండీ... ఇక్కడ నేనూ పాపా ఒక్కళ్ళమే ఎట్లా ఉంటాం?" అంది అమ్మ.

"అది కాంట్రాక్ట్ జాబ్... ఎన్నాళ్ళుంటదో ఏమో. స్కూల్ మధ్యల పాపని ఎట్ల తీస్కపోతం? కొన్నాళ్ళు ఓపిక పట్టు" అన్నాడు నాన్న. ఆ మాట అంటున్నప్పుడు ఆయన అమ్మ మొహంలోకి చూడలేదు.

నాన్న వెళ్ళాక చలికాలం దిగింది. మా వీధికి మంచు తీసే బండి కూడా వచ్చేది కాదు. పొద్దు వాలగానే అమ్మ మేడమీద గదుల్లో కూడా లైట్లన్నీ వేసేది... ఇంట్లో చాలామంది ఉన్నట్టు కనబడాలని. కారు చప్పుడు వినబడితే ఇద్దరం మాట్లాడటం ఆపేసేవాళ్ళం.

ఒక శనివారం పొద్దున, క్లోయీ వాళ్ళ గరాజ్ తలుపు కిందనుంచి నీళ్ళు రావడం చూశాను. అవి వచ్చినవి వచ్చినట్టే గడ్డకడుతున్నాయి. కరెంటు తీసేసిన ఇల్లు కదా... హీటర్ లేక, చలికి లోపల పైపు పగిలింది. అమ్మ సిటీ ఆఫీసుకి ఫోన్ చేస్తే సెలవని రికార్డింగ్ వచ్చింది. కాసేపు అటూ ఇటూ తిరిగి, డెనీస్ ఆంటీకి చేసింది. ఏడుపు ఆపుకుంటూ ఆవిడ చెప్పింది... వెనక తలుపు గొళ్ళెం సరిగ్గా పడదు, పైకెత్తి లాగితే వచ్చేస్తుంది, నీళ్ళు కట్టేసే వాల్వ్ బేస్‌మెంట్‌లో ఉందని.

"అమ్మా, ఇది మన ఇల్లు కాదు కదా... పోలీసులు వస్తే?" అన్నాను, వాళ్ళ వెనక తలుపు దగ్గర.

"నువ్వు ఇక్కడే నిలబడు. ఎవరన్నా వస్తే నన్ను పిలువు" అంది. ఒంటరిగా పోస్టాఫీసుకి వెళ్ళడానికే జంకే మనిషి... నాన్న బూట్లు తొడుక్కుని, టార్చ్ పట్టుకుని లోపలికెళ్ళింది.

గుమ్మంలోంచి నాకు వంటిల్లు కనిపిస్తోంది. సీలింగ్ ఊడి కిందపడి ఉంది. నేనూ క్లోయీ బోర్లా పడుకుని బొమ్మలేసుకున్న కార్పెట్ నీళ్ళలో మునిగిపోయింది. రోడ్డు వైపు చూస్తూ వణుకుతూ నిలబడ్డాను... ఎంతసేపో తెలియదు. చివరికి నీళ్ళ చప్పుడు ఆగింది.

అమ్మ మోకాళ్ళదాకా తడిసి బయటికొచ్చింది. ఫోన్‌లో డెనీస్ ఆంటీ అడుగుతోంది, ఇల్లు బాగా పాడైందా అని.

"నో, నో, డెనీస్. హౌస్ ఈజ్ ఫైన్. జస్ట్ లిటిల్ వాటర్" అంది అమ్మ. ఫోన్ పెట్టేసి, ఆ వెనక గుమ్మం మెట్ల మీదే కూలబడి ఏడ్చింది. అమ్మ అబద్ధమాడటం నేను అప్పుడే మొదటిసారి వినడం.

పోలీసులు రాలేదు. సోమవారం సిటీవాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు. పైయేడు నాన్నకి మళ్ళీ ఇక్కడే ఉద్యోగం దొరికి తిరిగొచ్చాడు. ఇంకో బిల్డర్ వచ్చాడు, రోడ్డు నున్నగా అయింది, ఒక్కో ఇల్లే లేచింది. క్లోయీ వాళ్ళ ఇంటిని ఎవరో కొని బాగుచేయించుకున్నారు. క్లోయీ నుంచి కొన్నాళ్ళు మెయిల్స్ వచ్చాయి... తర్వాత అవీ ఆగిపోయాయి.

ఇప్పుడు నేనూ అదే సబ్‌డివిజన్‌లో ఉంటున్నాను. ఖాళీ స్థలమనేదే లేదు. సాయంత్రమైతే ఏ ఇంటి ముందునుంచి వెళ్ళినా ఇంగువ పోపు వాసన... కానీ మళ్ళీ లేఆఫ్‌లు మొదలయ్యాయి. మా టీమ్‌లో ఇప్పటికే కొందరు వెళ్ళిపోయారు. మేనేజర్ మీటింగ్ పెట్టినప్పుడల్లా ఇవాళ నా వంతేమో అనుకుంటున్నాను.

మా వీధిలో ఒకాయన ఈమధ్య పొద్దుటిపూట కూడా ఇంటి దగ్గరే కనిపిస్తున్నాడు. మొన్న పార్కులో వాళ్ళావిడ కనిపిస్తే మాటవరసకి అడిగాను, "మీవారికి ఈమధ్య వర్క్ ఫ్రమ్ హోమా అండీ?" అని. "ఆఁ... అవునండీ" అంది చటుక్కున. అని, నా వైపు చూడకుండా వాళ్ళ పాప జడ సవరించసాగింది.

వీధికి రెండిళ్ళే ఉన్నప్పుడు ఎవరి కష్టం ఏమిటో కిటికీలోంచే తెలిసిపోయేది. ఇన్ని ఇళ్ళొచ్చాక... ఎవరికి వాళ్ళం గరాజ్ తలుపు దించుకుని భయపడుతున్నాం.

మీ వీధిలోంచి కూడా ఎవరైనా అలా ఉన్నట్టుండి వెళ్ళిపోయారా? వాళ్ళ గురించి మీకు గుర్తున్నది నాలుగు మాటలు ఇక్కడ రాయండి... ఇవాళ కాసేపు వాళ్ళని తలుచుకుందాం.