నామాల బీరువాలో కింది అర

మా అపార్ట్‌మెంటు మెట్ల మలుపుల్లో ఎవరూ ఉమ్మకూడదని దేవుళ్ళ బొమ్మలున్న టైల్స్ అతికించారు. ఉమ్మడం తగ్గిందనే చెప్పాలి. కానీ లిఫ్టు చెడిపోయిన రోజున చెత్త సంచితో నాలుగంతస్తులు దిగే మనిషి, ఒక్కో మలుపులో దేవుడికి తగలకుండా ఆ సంచిని ఏ చేతిలోకి మార్చుకోవాలో మాత్రం ఎవరూ రాసి పెట్టలేదు. లిఫ్టు తరచుగానే చెడిపోతుంది.

నా చిన్నప్పుడు తిరుపతిలో మా ఇంట్లో ఆరుగురం ఉండేవాళ్ళం. తాత, అవ్వ, నాయన, అమ్మ, అక్క, నేను. ఆరుగురికీ కలిపి రెండు ట్రంకు పెట్టెలు, ఒక దండెం. నాకంటూ ఉన్నది ఒక బిస్కెట్ల డబ్బా, దాని నిండా గోళీలు. డబ్బా మంచం కింద ఉండేది. మంచం కింద ఏదున్నా తనదేనని నాకంటే రెండేళ్ళు పెద్దదైన మా అక్క అభిప్రాయం. నేను రోజూ సాయంత్రం గోళీలు లెక్కపెట్టుకునేవాణ్ణి. రోజూ ఒకటో రెండో తక్కువయ్యేవి. అడిగితే, లెక్కలు రాకపోతే నాయన దగ్గర నేర్చుకొమ్మనేది. నాయన లెక్కల మాస్టరు.

అలా ఉండగా మా తాత, పుత్తూరులో ఇల్లు ఖాళీ చేస్తున్న వాళ్ళ దగ్గర ఒక పాత కొయ్య బీరువా కొన్నాడు. చేతులూ కాళ్ళూ విరిగినవాళ్ళు కట్టు కోసం పుత్తూరికి పోతారు. మా బీరువా కాలు విరిగి పుత్తూరు నుంచి వచ్చింది. తలుపులకు పిడులు లేవు. కుడి తలుపు మీద ఒకప్పుడు అద్దం ఉన్నట్టుంది. అది ఊడదీసిన చోట వెలిసిపోయిన చదరం, దాని చుట్టూ మేకుల బొక్కలు. అవ్వ బీరువా చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "నువ్వు అడిగి తెచ్చుకున్నావా, వాళ్ళే అంటగట్టినారా?" అంది. తాత ఆ పూట చెవులు సరిగా వినపడని మనిషయ్యాడు.

తాత నన్ను పక్కకు పిలిచి ఒక ఒప్పందం పెట్టాడు. గరుకు కాగితంతో బీరువా మొత్తం నేను రుద్దితే, కింది అర నాది.

"అంతా నాదేనా తాతా?"

"అంతా నీదే. డబ్బా పెట్టుకో. జాగా మిగిలితే నువ్వు గూడా దూరి పండుకో."

నాలుగు రోజులు రుద్దాను. వేళ్ళ చివర్లు నున్నగా అయ్యాయి, బీరువా కాస్త తక్కువ నున్నగా అయింది. ఖర్చు పెట్టడమనే అలవాటు మా తాతకు ఎవరూ చేసినట్టు లేదు. విరిగిన కాలికి అర ఇటుక పెట్టాడు. రంపపు పొట్టును బంకలో కలిపి పగుళ్ళు పూడ్చాడు. దర్జీ అంగడి నుంచి దారం అయిపోయిన కట్టె కండె ఒకటి అడిగి తెచ్చి, దాన్ని రెండుగా కోసి తలుపులకు పిడులు బిగించాడు. ఎప్పుడో కిటికీలకు వేయగా మిగిలిన నీలం రంగులో కిరసనాయిలు పోసి పోసి పలచన చేశాడు. ఎంత పలచన చేసినా, కుడి తలుపు మీది చదరం దగ్గరికి వచ్చేసరికి డబ్బా అడుగు కనిపించింది.

జానెడు జాగా కోసం కొత్త డబ్బా కొనడమా? తాత కొంతసేపు ఆ చదరాన్నే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత లోపలికి పోయి, తాను రోజూ నుదుట నామం పెట్టుకునే తిరుమణి పెట్టె తెచ్చాడు. తెల్లమట్టిని నీళ్ళతో నూరి చదరంలో పెద్ద నామం వేశాడు. నడుమ ఎర్రటి గీత. ఇటు శంఖం, అటు చక్రం. మేకుల బొక్కలు కొన్ని చక్రం పళ్ళలో చక్కగా కలిసిపోయాయి.

అవ్వ వంటింట్లోంచి వచ్చి చూసింది. వెనక్కి పోయి, కాళ్ళు కడుక్కుని, దీపంతో తిరిగొచ్చింది. మధ్యాహ్నానికి వంటింటి గూట్లో ఉన్న దేవుళ్ళందరూ పై అరలోకి మారిపోయారు. నడిమి అరలో అప్పటికే చొక్కాలు సర్దుకున్న మా నాయన, "చెక్క మింద మన్ను పూస్తే చెక్క దేవుడైపోతాదా?" అని అడుగుతూనే, చొక్కాలు తనే తీసి దండెం మీద వేసుకున్నాడు. ఇక కింది అర స్వామి పాదాల దగ్గర ఉన్నట్టని, అక్కడ వీధిలో దొర్లిన గోళీలు పెట్టకూడదని అవ్వ తేల్చేసింది.

నేను తాత దగ్గరికి పోయి ఏడ్చాను. ఆయన అంతా విని, ఒక గుడ్డ తడిపి నా చేతికిచ్చాడు.

"తుడిసెయ్. మన్నే గదా. నా నుదుటి మిందది నేను రోజూ కడుక్కుంటా ఉండానే."

ఆ మాటలో ఎగతాళి ఉందేమోనని వెతికాను. కనబడలేదు. బీరువా ముందు నిలబడ్డాను. ఒక్కసారి తుడిస్తే అర నాది. నాయన అటుగా పోతూ, "తుడుచుకోరా, ఏం కాదు" అన్నాడు. అయితే నువ్వే తుడువు అని గుడ్డ చాచాను. ఆయనకు దిద్దవలసిన పరీక్ష పేపర్లు గుర్తొచ్చాయి. గుడ్డలోంచి కాసేపు నీళ్ళు కారాయి, తర్వాత కారడం మానేశాయి, తర్వాత గుడ్డే ఆరిపోయింది. తాత వచ్చి దాన్ని తీసుకుని దండెం మీద ఆరేశాడు. మంచి పని చేశావనలేదు, పిరికివాడివనీ అనలేదు.

మర్నాడు పొద్దున అవ్వే నా డబ్బా తెచ్చి కింది అరలో పెట్టింది. మనసు ఎందుకు మార్చుకుందో చెప్పలేదు. షరతు మాత్రం చెప్పింది. తలుపు తెరవాలంటే నీళ్ళు పోసుకుని రావాలి. అలా నా గోళీలకు మడి వచ్చింది. బడి నుంచి వచ్చి, నీళ్ళు కాగి, స్నానం ముగించి డబ్బా తీసేసరికి వీధిలో ఆట అయిపోయి ఉండేది. అయినా దిగులు పడలేదు. డబ్బాకు స్వామి కాపలా ఉన్నాడు గనుక లెక్కపెట్టుకోవడం కూడా మానేశాను.

ఆ రోజు తాత నాకు ఏదైనా నేర్పాడా, లేక రంగు ఖర్చు మిగుల్చుకున్నాడా అన్నది ఈ వయసులోనూ తేల్చుకోలేకపోతున్నాను. నాకు మిగిలింది ఒక అలవాటు. ఎవరైనా ఏదైనా నీ ఇష్టమని నాకు వదిలేస్తే, చేతిలో తడిగుడ్డ ఉన్నట్టే ఉంటుంది. ఆగిపోతాను. అది భక్తో, భయమో, ఊరికే జాగు చేయడమో తెలియదు. అలా ఆగి కొన్ని తప్పులు తప్పించుకున్నాను, కొన్ని మంచి అవకాశాలూ పోగొట్టుకున్నాను. ఏవి ఎన్నో చెప్పలేను. ఒక్క సంగతి మాత్రం గట్టిగా నమ్ముతూ వచ్చాను. ఆ నామాలు నా డబ్బాను కాపాడాయి.

మొన్న నాయుడుపేటలో అక్క ఇంటికి పోయినప్పుడు ఇదే మాట ఆమెతో అన్నాను. నేను ఆడకపోతేనేం, గోళీలు బీరువాలోకి చేరాక నువ్వు కూడా వాటి జోలికి రాలేదు, ఆ మాత్రం భయం తాత నీకు పెట్టాడు అన్నాను. అక్క గోంగూర ఆకు తుంచుతూ ఉంది. తల ఎత్తలేదు.

"వారానికి రెండు తీస్తానే ఉంటిని గదరా. నీళ్ళు పోసుకునే తీస్తా ఉంటి."