మెంబరుగారి ఎద్దూ, గంజాయి నిషేధమూ

యూరోపులో యుద్ధం మొదలైన ఏడాది నన్ను చింతామణి నుంచి బాగేపల్లికి అబ్కారీ ఇన్‌స్పెక్టరుగా బదిలీ చేశారు. అబ్కారీ అంటే మత్తు సరుకుల మీద పన్ను వసూలు చేసే శాఖ. మాది పాళెగార్ల వంశం. కోట పోయి ఇల్లు మిగిలింది, ఇల్లు పోయి తలపాగా మిగిలింది. ఆ తలపాగాతోనే కల్లు, సారాయి, గంజాయి అంగళ్ల తనిఖీకి పోయేవాణ్ణి.

ఆ రోజుల్లో మైసూరు సంస్థానంలో గంజాయి అమ్మకం నేరం కాదు. వేలంలో లైసెన్సు పాడుకున్నవాడు సర్కారు సరుకును మనిషికింత అని తూచి అమ్మేవాడు. దొంగచాటుగా పండించినదాన్ని మేము పట్టుకొని, పెట్టెలో పెట్టి లక్కముద్ర వేసేవాళ్లం. తాలూకా అధికారి అయిన అమల్దారు ఎదుట లేకుండా ఆ ముద్ర తీయకూడదు.

ప్రజాప్రతినిధి సభలో మా తాలూకా మెంబరు చెన్నరాయప్ప. గంజాయిని సంస్థానమంతటా నిషేధించాలని ఆయన పట్టుదల. సభలో తీర్మానం పెట్టబోయే ముందు, ఎవరినీ లోపలికి పోనీయకుండా ఊళ్లోని గంజాయి అంగడి ఎదుట తన మనుషులను కూర్చోబెట్టారు. వాళ్లకు నాయకుడు మెంబరుగారి బామ్మర్ది.

ఒక ఉదయం మెంబరుగారు మా ఆఫీసుకు వచ్చి తానే తలుపు మూశారు.

"ఎద్దు పారుతాండాదప్పా. లేచి నిలబడలేకుండా ఉండాది. గంజాయాకు బెల్లంతో నూరి గొట్టంతో పోస్తే తప్ప బతకదంటాడు పశువుల వైద్యుడు. మీ పెట్టెలో ఉండాది కదా, రవ్వంత ఇయ్యండి."

మా సీమలో ఎడ్ల పారుడుకు, అంటే విరేచనాలకు, అదే పాత మందు. తీర్మానం రాసేటప్పుడు ఆయనకు అది గుర్తు రాలేదు. అమల్దారు చిక్కబళ్లాపురం వెళ్లారని, ముద్ర తీయలేనని చెప్పాను. అంగడి తెరిచే ఉందని, కొనడం చట్టసమ్మతమేనని కూడా చెప్పాను.

"అయితే నాతో రండి. పక్కన మీరుంటే తనిఖీకి పోయినట్టుంటాది" అన్నారు.

వెళ్లాను గాని, కాస్త ఎడంగా నడిచాను. మా వంశంలో ఎవరూ ఇంకొకరికి అడ్డుతెరగా నడవలేదు.

అంగడి దగ్గర బామ్మర్ది చేతులు అడ్డం చాపాడు.

"యాడికి బావా?"

"లోపలికి. ఎద్దుకు మందు."

"నిన్న తిప్పన్న కూడా ఎద్దుకే అన్నాడు. ఎవురొచ్చినా పోనీయొద్దని నువ్వే కదా చెప్తివి?"

"తిప్పన్నకు ఎద్దు యాడుండాదిరా?"

"నీకుండాదని నాకు తెలుసు. వీళ్లకు చెప్పు."

వీళ్లంటే అప్పటికే మూగిన సంత జనం. మెంబరుగారు నా వైపు చూశారు. నేను గోడ మీద తగిలించిన లైసెన్సు చదువుతున్నాను. చివరికి ఆయన అరుగెక్కి, ఎద్దులకైతే అడ్డుపడొద్దని అందరూ వినేలా చెప్పి, లోపలికి పోయి తన వంతు తూయించుకున్నారు. ఎద్దు బతికింది.

మరుసటి దినం నుంచి అంగడి ముందు ఎద్దులు బారులు తీరాయి. ఎద్దును చూపితేనే బామ్మర్ది దారి ఇచ్చేవాడు. లేనివాళ్లు అడిగి తెచ్చుకున్నారు. కొమ్ము విరిగిన ఒక ఎద్దయితే ఒక్క పూటలోనే ఎందరి తరఫునో జబ్బుపడింది. అంత అమ్మకం మునుపెన్నడూ చూడలేదని లైసెన్సుదారు నాతో అన్నాడు.

మెంబరుగారు తీర్మానంలో పశువైద్యానికి మినహాయింపు చేర్చారు. జబ్బు ఎద్దును గుర్తించేదెవరని సభలో ప్రశ్న వచ్చింది. దానితో తీర్మానం పక్కకు పోయింది.

ఆ తర్వాత నా సర్వీసులో ఏ నిషేధపు ముసాయిదా అభిప్రాయం కోసం వచ్చినా, ముందు దాన్ని రాసినవారి పశువుల కొట్టం గురించి విచారించాకే సంతకం పెట్టాను.